గడప దగ్గర ఆగిన చికిత్స: కటి కండరాల వ్యాయామ చరిత్ర

చోడవరం పరిసర గ్రామాల నుంచి వైద్యుని వద్దకు వచ్చే స్త్రీలలో కొందరు తమ అసలు బాధను కుర్చీలో కూర్చున్నప్పుడు చెప్పరు. దగ్గుకో, నడుము నొప్పికో, నీరసానికో మందు రాయించుకొని, చీటీ మడిచి కొంగున ముడివేసుకొని, లేచి గడప దాకా వెళ్ళి, అక్కడ ఆగి వెనక్కి తిరుగుతారు. "దగ్గినా తుమ్మినా కొంచెం పడిపోతోంది బాబూ" అంటారు. పడిపోతున్నది ఏమిటో చెప్పరు, చెప్పనక్కరలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే "చిన్నోడు పుట్టిన కాడి నుంచి" అన్న సమాధానం వస్తుంది. ఆ చిన్నవాడికి అప్పటికే పెళ్ళీడు వచ్చి ఉంటుంది.

మూత్రం ఆపుకోలేకపోవడం ప్రాణం తీసే జబ్బు కాదు. అందువలన దానిని జబ్బుగా లెక్కించడం కూడా చాలా కాలం జరగలేదు. కాని ఆ బాధ ఉన్న స్త్రీ పెళ్ళికి వెళ్ళదు, బస్సు ఎక్కదు, గుడిలో కూర్చోదు. తడి కనబడుతుందేమోనని ముదురు రంగు చీర కడుతుంది. పనికి వెళ్ళే రోజున నీళ్ళు తాగడం మానేస్తుంది. దాని వలన మలబద్ధకం, మూత్రంలో మంట వచ్చి బాధ మరింత పెరుగుతుంది. ఇన్ని సంవత్సరాల బాధకు రూపాయి ఖర్చు లేని చికిత్స ఒకటి ఉన్నది. అది కటి కండరాల వ్యాయామం. అది పుస్తకాలకెక్కి ఎనిమిది దశాబ్దాలు దాటింది. అంత సులువైన చికిత్స అవసరమైన మనిషికి ఇంకా ఎందుకు చేరలేదో తెలియాలంటే దాని చరిత్ర తెలియాలి.

కండరం ఏది? పని ఏమిటి?

మన కటి ఎముకలు అడుగు లేని గిన్నె వంటివి. ముందువైపు జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక దాకా ఉయ్యాల వలె పరచుకొన్న కండరాలే ఆ గిన్నెకు అడుగు. వైద్యులు వీటిని పెల్విక్ ఫ్లోర్ కండరాలు అంటారు. ఈ వ్యాసంలో కటి కండరాలు అందాం. మూత్రాశయం, గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం ఈ కండరాల ఆధారంతో నిలుస్తాయి. మూత్రనాళం, యోని, మలద్వారం వీటి మధ్య నుంచే బయటికి వస్తాయి.

మనం దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువు ఎత్తినప్పుడు పొట్టలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగి మూత్రాశయాన్ని కిందికి నొక్కుతుంది. ఆ క్షణంలో కటి కండరాలు బిగుసుకొని మూత్రనాళాన్ని మూసి ఉంచాలి. ప్రసవంలో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఈ కండరాలు విపరీతంగా సాగుతాయి. కొందరిలో కండరం చిట్లుతుంది, నరాలు దెబ్బతింటాయి. తరువాత వయస్సు, స్థూలకాయం, తగ్గని దగ్గు, మలబద్ధకం, బరువులు మోసే పని దానికి తోడవుతాయి. అప్పుడు దగ్గుతో పాటు చుక్కలు పడతాయి. దీనిని ఒత్తిడి వలన కలిగే మూత్రస్రావం అంటారు. ఇది కాక, ఆత్రుత కలగగానే మరుగుదొడ్డి చేరేలోపే మూత్రం పోవడం మరొక రకం. రెండూ కలిసి ఉండడమూ సాధారణమే.

శాస్త్రాలలో ఉన్నది, పురుటి గదిలో లేనిది

మన ప్రాచీన గ్రంథాలకు ఈ శరీరభాగం తెలియనిది కాదు. చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం మలమూత్రాది వేగాలను బలవంతంగా ఆపుకోవడం వలన కలిగే కీడును గురించే చెబుతుంది. చరక సుశ్రుతులిద్దరూ ఇరవై రకాల యోనివ్యాపత్తులను లెక్కించారు. ప్రసవమైన స్త్రీ పొట్టకు పెద్ద వస్త్రం చుట్టాలని చరకుడు చెప్పినది మన ఇళ్ళలో బాలింతకు కట్టే నడికట్టుగా ఈనాటికీ నిలిచి ఉన్నది.

కండరాన్ని బిగించే విద్య మరొక చోట పెరిగింది. పదిహేనవ శతాబ్దంలో స్వాత్మారాముడు కూర్చిన హఠయోగ ప్రదీపిక మూడవ అధ్యాయంలో మూలబంధం ఉన్నది. మడమతో గుదానికి ముందున్న స్థానాన్ని నొక్కి, ఆ ప్రదేశాన్ని లోపలికి ముడిచి, కిందికి పోయే అపానవాయువును పైకి మళ్ళించాలని దాని సారాంశం. ఈనాటి వైద్యులు బిగించమని చెప్పే కండరాలే అక్కడా బిగుస్తాయి. కాని ఆ యోగి కోరినది వేరు. అది సాధకుని ప్రాణనిగ్రహం కోసం చెప్పిన విద్య. ఆరు కాన్పుల తల్లి తడి చీర కోసం చెప్పినది కాదు. గురువు నుంచి శిష్యునికి చేరిన ఆ విద్యను పురుటి గదిలోని మంత్రసానికి ఎవరూ చెప్పలేదు.

మంత్రసాని తెలివి తక్కువది కాదు. బిడ్డ అడ్డం తిరిగితే చేతితో తెలుసుకోగలిగినది. బాలింతకు నూనె మర్దన, వేడి నీళ్ళ స్నానం, కాయం, పథ్యం, నడికట్టు అన్నీ అమర్చినది. అయితే ఆ శ్రద్ధ అంతా పొట్టకు, నడుముకు, పాలకు దక్కింది. అడుగున సాగిపోయిన కండరానికి ఏ కట్టూ లేకపోయింది. నడికట్టును మరీ గట్టిగా బిగిస్తే పొట్టలోని ఒత్తిడి కిందికే మళ్ళవచ్చు.

పాశ్చాత్య వైద్యం మద్రాసు రాజధానిలో స్త్రీల దగ్గరికి చేరడానికి చాలా కాలం పట్టింది. మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి 1844లో వచ్చింది. మద్రాసు వైద్య కళాశాల 1875లో నలుగురు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొన్నది. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ 1885లో పరదా పాటించే స్త్రీల కోసం మద్రాసులో ప్రత్యేక ఆసుపత్రి నెలకొల్పడానికి కారకురాలయింది. పరదాకు మన ప్రాంతంలో ఘోషా అని పేరు; విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని ప్రజలు ఈనాటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో వెలసింది. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి శిక్షణ పొందినవారి నమోదు మొదలయింది. తల్లీ బిడ్డా ప్రాణాలతో బయటపడడమే ఆనాడు అందరి లక్ష్యం. బాలింత వాతం, రక్తస్రావం, ధనుర్వాతం తల్లులను బలిగొంటున్న కాలంలో చుక్కలు పడే బాధను పట్టించుకొనే తీరిక ఎవరికీ లేదు. ఆ నిర్లక్ష్యాన్ని అర్థం చేసుకోవచ్చు. అది తరువాత కూడా కొనసాగడాన్ని మాత్రం అర్థం చేసుకోవడం కష్టం.

ముందు కత్తి, తరువాత వ్యాయామం

పశ్చిమ దేశాలలో మూత్రస్రావానికి మొదట ప్రచారం పొందినది శస్త్రచికిత్స. 1914లో అమెరికా వైద్యుడు హోవర్డ్ కెల్లీ మూత్రాశయపు మెడ దగ్గర కుట్లు వేసి బిగించే పద్ధతిని ప్రచురించాడు. 1949లో మార్షల్, మార్కెట్టి, క్రాంట్జ్ అనే ముగ్గురు మూత్రనాళం పక్కనున్న కణజాలాన్ని జఘనాస్థి వెనుక కుట్టి నిలబెట్టే పద్ధతిని, 1961లో బర్చ్ మరొక పద్ధతిని ప్రకటించారు. శస్త్రచికిత్సకు చేసిన వైద్యుని పేరు వస్తుంది, పాఠ్యపుస్తకంలో బొమ్మ వస్తుంది, పరీక్షలో ప్రశ్న వస్తుంది. మా తరం వైద్యులు ఈ పేర్లను వల్లెవేసినవారే. వ్యాయామం గురించి మేము నేర్చినది ఒకటి రెండు వాక్యాలకు మించదు. ఈ మాట ఎవరినో నిందించడానికి కాదు. నేనూ ఏళ్ళ తరబడి ఆ ఒకటి రెండు వాక్యాలే రోగులకు అప్పజెప్పాను.

వ్యాయామపు దారి వేరు. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో స్వీడనులో థూరే బ్రాంట్ అనే సైనికాధికారి స్త్రీల కటి వ్యాధులకు మర్దన, అంగసాధన కలిపి చికిత్స చేశాడు. 1936లో ఇంగ్లండులో మార్గరెట్ మోరిస్ ప్రసూతి స్త్రీల కోసం, శస్త్రచికిత్స చేయించుకొన్నవారి కోసం వ్యాయామాల పుస్తకం వెలువరించింది. ఆమె వృత్తి నాట్యం. తరువాత అంగమర్దన, వ్యాయామ చికిత్సలలో శిక్షణ పొందింది. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో మిన్నీ రాండెల్ ఆమెకు తోడ్పడింది. కటి కండరాలను బిగించి వదలడం ఆ పుస్తకంలోనే ఉన్నది. ఇద్దరూ స్త్రీలు, ఇద్దరూ వైద్యపట్టా లేనివారు. వారి పేర్లు వ్యాయామానికి అంటుకోలేదు.

అంటుకొన్న పేరు ఆర్నాల్డ్ కెగెల్‌ది. 1894లో పుట్టి 1972లో మరణించిన ఈయన లాస్ ఏంజెలిస్‌లో స్త్రీవ్యాధి నిపుణుడు. 1948లో ప్రచురించిన వ్యాసం ద్వారా ఈ వ్యాయామం వైద్యలోకానికి తెలిసింది. ప్రసవం తరువాత చాలామంది స్త్రీలకు ఆ కండరం ఎక్కడ ఉన్నదో, దానిని ఎలా బిగించాలో తెలియదని ఆయన గమనించాడు. బిగించమంటే పిరుదులు బిగిస్తారు, పొట్ట బిగిస్తారు, ఊపిరి బిగబడతారు. అసలు కండరం కదలదు.

అందువలన ఆయన చికిత్స మాటతో మొదలు కాలేదు. వేలితో పరీక్షిస్తూ సరైన కండరాన్ని గుర్తుపట్టించడంతో మొదలయింది. తరువాత ఆయన పెరినియోమీటర్ అనే పరికరాన్ని వాడాడు. యోనిలో అమర్చే చిన్న రబ్బరు గది, దానికి గొట్టంతో తగిలించిన పీడనసూచిక, ఇంతే ఆ యంత్రం. స్త్రీ సరిగా బిగిస్తే సూచికలో ముల్లు కదులుతుంది. ఆమె తన బలాన్ని తానే కళ్ళతో చూస్తుంది. రోజుకు మూడు సార్లు, ప్రతిసారీ ఇరవై నిమిషాలు ఆ పరికరంతో సాధన చేయమని, మధ్యమధ్య వచ్చి చూపించుకోమని చెప్పాడు. నూటికి 84 మందికి నయమయిందని ఆయన ప్రకటించాడు. పోల్చి చూడడానికి చికిత్స పొందని మరొక బృందం ఆయన వద్ద లేదు కనుక ఆ లెక్కను ఈనాటి ప్రమాణాలతో అంగీకరించలేము. కాని ఆయన నేర్పిన క్రమం సరైనది: గుర్తించడం, చూపించడం, సాధన చేయించడం, మళ్ళీ పరీక్షించడం.

పేరు మిగిలింది, పద్ధతి జారిపోయింది

తరువాతి దశాబ్దాలలో కెగెల్ పేరు ప్రపంచమంతా పాకింది. వ్యాయామాలకు కెగెల్ వ్యాయామాలు అన్న పేరే స్థిరపడింది. దారిలో ఆయన వేలు, ఆయన పరికరం, ఆయన ఓపిక జారిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే బాలింత చేతిలో ఒక కాగితం పెట్టడం, "మూత్రం ఆపుకొన్నట్టు బిగించండి" అని నిలబడి చెప్పడం, ఇదే చికిత్స అయిపోయింది. ఫలితం రాలేదు. ఫలితం రానందుకు వ్యాయామాన్ని తప్పుపట్టారు, లేదా రోగిని తప్పుపట్టారు.

1991లో అమెరికాలో బంప్, ఆయన సహచరులు ఒక చిన్న పరిశీలన చేశారు. 47 మంది స్త్రీలకు నోటిమాటగా క్లుప్తంగా చెప్పి, వారు ఎలా చేస్తున్నారో పరికరాలతో కొలిచారు. సరిగా చేసినవారు 23 మంది, అంటే సగం కంటె తక్కువ. 12 మంది చేసిన తీరు మూత్రస్రావాన్ని పెంచగలిగినది. వారు కండరాన్ని పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతున్నారు. నలుగురిలో ఒకరికి మనం చెప్పిన మందు విషంగా మారుతున్నదన్నమాట. దీనిని చదివినప్పుడు నేను అప్పటిదాకా గడప దగ్గర నిలబెట్టి చెప్పి పంపిన స్త్రీలందరూ జ్ఞాపకం వచ్చారు.

సరిగా నేర్పితే ఏమవుతుందన్నది 1999లో నార్వేలో కారీ బో, ఆమె సహచరులు ప్రచురించిన పరిశీలన చూపింది. కారీ బో వ్యాయామ చికిత్సకురాలు. 107 మంది స్త్రీలను నాలుగు బృందాలుగా విభజించారు: వ్యాయామం, విద్యుత్ ప్రేరణ, యోనిలో ఉంచే బరువులు, చికిత్స లేనివారు. వ్యాయామ బృందంవారు ఇంటివద్ద రోజుకు మూడు సార్లు 8 నుంచి 12 బిగింపులు చేశారు. వారానికి ఒకసారి కలిసి సాధన చేశారు. సరిగా చేస్తున్నారో లేదో శిక్షకురాలు పరీక్షించేది. ఆరు నెలల తరువాత తమకు ఇక ఆ సమస్య లేదన్నవారు వ్యాయామ బృందంలో 25 మందికి 14 మంది. చికిత్స లేనివారిలో 30 మందికి ఒక్కరు. యంత్రాలు, బరువులు వాడిన బృందాలలో ముగ్గురు, ఇద్దరు మాత్రమే.

2018లో కోక్రేన్ సంస్థ 14 దేశాలలో జరిగిన 31 పరిశీలనలను, 1817 మంది స్త్రీల ఫలితాలను కలిపి సమీక్షించింది. ఒత్తిడి వలన మూత్రం జారే స్త్రీలలో నయమయిందని చెప్పినవారు వ్యాయామం చేసిన బృందాలలో నూటికి 56, చేయనివారిలో నూటికి 6.

శస్త్రచికిత్సల చరిత్ర ఈ లోపల మరొక మలుపు తిరిగింది. 1996లో స్వీడను వైద్యుడు ఉల్మ్‌స్టెన్ మూత్రనాళం కింద కృత్రిమ పట్టీ అమర్చే సులువైన పద్ధతిని ప్రచురించాడు. అది ఎందరికో మేలు చేసింది. కాని కృత్రిమ వలలను యోని మార్గంలో అమర్చే చికిత్సలు విస్తరించినకొద్దీ నొప్పులు, ఒరిపిడి గాయాలు పొందిన స్త్రీల ఫిర్యాదులు కూడా పెరిగాయి. 2018 జులైలో ఇంగ్లండు అటువంటి శస్త్రచికిత్సలను తాత్కాలికంగా నిలిపివేసింది. 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ అవయవాలు జారినప్పుడు యోని మార్గంలో అమర్చే వలల అమ్మకాన్ని ఆపించింది. మొదట కనీసం మూడు నెలలు శిక్షకురాలి పర్యవేక్షణలో వ్యాయామం చేయించి, ఆ తరువాతే ఇతర చికిత్సలు ఆలోచించాలన్నది బ్రిటన్ మార్గదర్శక సూత్రం. కెగెల్ మొదలుపెట్టిన చోటికే ప్రపంచం తిరిగి వచ్చింది.

మన నేల మీద

ఈ చరిత్ర అంతటిలో చోడవరం స్త్రీ ఎక్కడ ఉన్నది? 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. ఇది చెరకు నేల. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఈ మండలంలోనే ఉన్నది. అనకాపల్లి బెల్లం పేరు తెలియని తెలుగువారు లేరు. ఆ తీపి వెనుక స్త్రీల నడుములు, తలలు ఉన్నాయి. చెరకు ఆకు దూయడం, మోపు కట్టడం, మోపు ఎత్తడం, మోపు మోయడం. ప్రతి ఎత్తులోను పొట్టలో ఒత్తిడి పెరిగి అదే కండరం మీద పడుతుంది. కాన్పయి నెలలు నిండకముందే పనికి దిగవలసి వచ్చిన స్త్రీకి ఆ కండరం కోలుకొనే వ్యవధి కూడా ఉండదు.

ఆమెకు వ్యాయామం చేరలేదు. గర్భసంచి తీయించుకొమ్మన్న సలహా మాత్రం సులువుగా చేరింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తీయించుకొన్నవారు దేశంలో నూటికి 3.2, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9. అధిక రక్తస్రావమే ఇందుకు ముఖ్యకారణమని, అవసరమై చేసిన శస్త్రచికిత్సలూ ఇందులో ఎన్నో ఉన్నాయని మరువకూడదు. కాని పొత్తికడుపులో ఏ బాధ వచ్చినా "సంచి తీసేస్తే పోతుంది" అన్న నమ్మకం మన పల్లెలలో బలంగా నాటుకొన్నది. మూత్రం జారే స్త్రీ కూడా ఆ నమ్మకంతోనే వస్తుంది.

గర్భాశయం తీసివేస్తే మూత్రస్రావం తగ్గదు. పెరిగే అవకాశమే ఉన్నది. స్వీడనులో గర్భాశయం తీయించుకొన్న 1,65,260 మంది స్త్రీలను, తీయించుకోని స్త్రీలతో పోల్చిన పరిశీలన 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తీయించుకొన్నవారికి ఆ తరువాత మూత్రస్రావానికి శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం 2.4 రెట్లు ఎక్కువగా కనబడింది. అనవసరంగా గర్భాశయాలు తొలగించడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

వ్యాయామం ఎందుకు చేరలేదన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. మందుకు కంపెనీ ఉన్నది, శస్త్రచికిత్సకు ఆసుపత్రి ఉన్నది, ప్యాడ్లకు దుకాణం ఉన్నది. వ్యాయామానికి అమ్మేవారు లేరు. అమ్మేవారు లేని వస్తువు నేర్పేవారి మీదనే ఆధారపడి బ్రతుకుతుంది. నేర్పడానికి పదిహేను నిమిషాల ఏకాంతం, సిగ్గు పోగొట్టే మాట, మళ్ళీ రమ్మని పిలిచే ఓపిక కావాలి. రద్దీగా ఉన్న మన ఆసుపత్రులలో మందుల కంటె కొరతగా ఉన్నవి అవే.

ఎలా చేయాలి?

చరిత్ర చెప్పి పద్ధతి చెప్పకపోతే నేనూ గడప దగ్గరే ఆగినట్లు అవుతుంది.

ముందుగా మూత్రవిసర్జన చేసి, వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడవండి. గాలి బయటికి పోకుండా ఆపుకొంటున్నట్లు, అదే సమయంలో మూత్రధారను ఆపుకొంటున్నట్లు లోపలి కండరాన్ని బిగించి పైకి లాగండి. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచుకోండి. పొట్ట గట్టిపడకూడదు, పిరుదులు, తొడలు బిగియకూడదు, ఊపిరి ఆగకూడదు. మలవిసర్జనకు ముక్కినట్లు కిందికి తోస్తే అది తప్పు పద్ధతి.

బిగించి 6 నుంచి 8 సెకన్లు నిలపండి. మొదట రెండు మూడు సెకన్లే నిలిచినా ఫర్వాలేదు. తరువాత అంతే సమయం పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. ఇలా 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. బలం వచ్చినకొద్దీ కూర్చొని, ఆపైన నిలబడి చేయండి. నిజంగా మూత్రవిసర్జన చేస్తున్నప్పుడు ధారను ఆపే సాధన మాత్రం చేయకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

రెండవది, కండరాన్ని సమయానికి వాడడం. దగ్గు, తుమ్ము వస్తున్నదని తెలియగానే, నీళ్ళ బిందెను గాని గడ్డిమోపును గాని ఎత్తబోయే ముందు, కండరాన్ని బిగించి ఆ తరువాత దగ్గండి, ఎత్తండి. ఈ ఒక్క అలవాటు వారం రోజులలోనే చుక్కలను తగ్గించగలదని 1998లో అమెరికాలో జరిగిన పరిశీలన తెలిపింది. కండరానికి బలం రావడానికి మాత్రం మూడు నెలలైనా పడుతుంది. అంతకు ముందే ఫలితం లేదని మానకండి. దాహానికి తగినన్ని నీళ్ళు తాగండి. మలబద్ధకానికి, తగ్గని దగ్గుకు వైద్యం చేయించుకోండి.

సరిగా చేస్తున్నదీ లేనిదీ తెలియకపోతే స్త్రీవ్యాధి నిపుణురాలి చేత గాని, వ్యాయామ చికిత్సకురాలి చేత గాని ఒకసారి పరీక్ష చేయించుకోండి. కెగెల్ మొదటి పాఠం అదే. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కింద ఏదో జారినట్లు ఉండడం, మూత్రం కష్టంగా రావడం, కాళ్ళలో తిమ్మిరి, లేదా కాన్పు గాని శస్త్రచికిత్స గాని జరిగిన తరువాత పగలూ రాత్రీ ఆగకుండా కారడం, వీటిలో ఏది ఉన్నా వ్యాయామంతో కాలయాపన చేయక వెంటనే వైద్యులను సంప్రదించాలి. ఆత్రుతతో మూత్రం పోయేవారికి వ్యాయామంతో పాటు మూత్రవిసర్జనల మధ్య వ్యవధిని క్రమంగా పెంచే శిక్షణ, కొందరికి మందులు కూడా అవసరం.

ఒక్క ప్రశ్న

ఈ చికిత్సను గడప దాటించడానికి కొత్త భవనాలు అక్కరలేదు. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. వరుసలో కూర్చొని ఎదురుచూసే ఆ సమయంలోనే ఒక నర్సు ఈ వ్యాయామం గురించి చెప్పవచ్చు, లోపలి గదిలో సరిచూడవచ్చు. గర్భం తొలి నెలలలోనే మొదలుపెడితే చివరి నెలలలో మూత్రస్రావం తగ్గుతుందని పరిశీలనలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజులలో ఆరు సార్లు వెళ్ళాలన్నది నియమం. బిడ్డ బరువు, బొడ్డు, తల్లిపాలు అన్నీ అడుగుతుంది. వాటితో పాటు మరొక్క ప్రశ్న అడిగితే చాలు: "దగ్గినప్పుడు మూత్రం పడుతోందా అమ్మా?"

ఆ ప్రశ్న అడిగేవారు లేకనే ఆ తల్లులు ఇరవై ఏళ్ళు మోశారు. ఇది చదివిన మీరు ఈ రోజే మీ అమ్మను, అత్తను, అక్కను, కోడలిని అడగండి. మగవారు చదివితే ఇంట్లో ఆడవారికి చదివి వినిపించండి. వైద్యులైతే, రోగి గడప దాకా వెళ్ళి ఆగినప్పుడు మళ్ళీ లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. మిగతా పని ఆ తరువాతి పదిహేను నిమిషాలది.